కింగ్ ఫొటో సరే, ఎల్లా బేకర్ పేరు విన్నారా?

జనవరి మూడో సోమవారం వచ్చిందంటే చాలు, అమెరికాలో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మార్టిన్ లూథర్ కింగ్ జయంతి ఫొటోలు మొదలవుతాయి. ఫొటో కింద సంఘం లోగో, దాని కింద కార్యవర్గం ముఖాలన్నీ, అవి కింగ్ ముఖం కంటే పెద్దవి. పెట్టుకోండి, నాకేం నష్టం లేదు. కడుపు మండింది వేరే చోట. మొన్న నార్త్ కరొలైనాలోని క్యారీలో ఒకరింటి డెక్ (పెరటి చెక్క అరుగు) మీద బిర్యానీ తింటూ ఒక పెద్దాయన తీర్పు చెప్పేశారు: "కింగ్ పోయాక ఈ నల్లవాళ్ళకి సరైన నాయకుడే దొరకలేదండీ, అందుకే ఇలా ఉండిపోయారు." చుట్టూ ఉన్న నలుగురూ తలూపారు. ఒకాయన రైతా వడ్డించుకుంటూ మరీ ఊపాడు.

ఆ డెక్ నుంచి అరగంట కూడా పట్టదు, రాలీ డౌన్‌టౌన్‌లో షా యూనివర్సిటీ ఉంది. ఆ దారిలో మనం రోజూ ఆఫీసులకి పోతాం, ఒక్కరం కూడా కారు ఆపం. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్‌వర్త్ స్టోర్‌కి వెళ్ళి, తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. రెండు నెలలు తిరిగేసరికి దక్షిణాది రాష్ట్రాల్లో ఊరూరా పిల్లలు అదే పని చేస్తున్నారు. వాళ్ళందరినీ ఈస్టర్ సెలవుల్లో షా యూనివర్సిటీకి పిలిపించింది ఎల్లా బేకర్. అప్పటికామెకి 56 ఏళ్ళు. 1927లో అదే కాలేజీలో డిగ్రీ అందుకుంది. కింగ్ సంస్థ ఆఫీసుని నడుపుతున్నదీ ఆవిడే. ఆ సభకి సంస్థ ఇచ్చింది 800 డాలర్లు. ఆ సంస్థలోని పాస్టర్లు ఈ పిల్లల్ని తమకి యువజన విభాగంగా కలిపేసుకోవాలని చూశారు. ఆవిడ సాగనివ్వలేదు. మీ సంస్థ మీరే పెట్టుకోండి, మీరే నడుపుకోండి అంది. అలా పుట్టిందే స్నిక్, విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం.

ఇలాంటి మనిషి మన సంఘాల్లో ఉంటే ఏమయ్యేదో చెప్పనా? శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి, సలహామండలిలోకి నెట్టేసేవాళ్ళం.

"బలమున్న జనానికి బలమైన నాయకుడి అవసరం లేదు" అనేది ఆమె. ఆ మాట అనే ముందు దశాబ్దాలు తిరిగింది. 1940లలో నల్లవాళ్ళ హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ తరఫున దక్షిణాది ఊళ్ళన్నీ చుట్టి, ఎవరింట్లోనో పడుకుని, చర్చిలో, మంగలి షాపులో మాట్లాడి శాఖలు కట్టింది. 1946లో అట్లాంటాలో ఆవిడ నడిపిన శిక్షణకి వచ్చినవాళ్ళలో రోసా పార్క్స్ ఒకరు. అంటే బస్సులో సీటు ఇవ్వనని కూర్చోవడానికి తొమ్మిదేళ్ళ ముందు. మనకి మాత్రం రోసా ఒకరోజు కాళ్ళు నొప్పెట్టి లేవలేదని కథ చెప్పారు.

అలబామాలోని మాంట్‌గోమరీలో జరిగిన బస్సుల బాయ్‌కాట్ కూడా అంతే. 1955 డిసెంబరు 1న రోసా అరెస్టు జరిగింది. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే ఇంగ్లీషు లెక్చరర్ తన కాలేజీకి వెళ్ళి సైక్లోస్టైల్ మీద వేల కొద్దీ కరపత్రాలు తీసింది. పొద్దున్నే మహిళా సంఘం వాళ్ళు ఊరంతా పంచేశారు. కింగ్‌ని ఆ పోరాట సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నది 5వ తేదీన, జనం బస్సులు ఎక్కడం మానేశాక! 381 రోజులు నడిచింది. బస్సుల బదులు జనాన్ని తిప్పిన కార్లకి పెట్రోలు డబ్బులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి తోటి ఆడవాళ్ళతో కలిసి కోడి వేపుళ్ళు, కేకులు అమ్మి తెచ్చింది. దొరసానుల ఇళ్ళల్లో పని పోకూడదని ఎవరి పేరూ బయటపెట్టలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది జాన్స్ ఐలాండ్ ముచ్చట. సౌత్ కరొలైనాలో చార్ల్‌స్టన్ పక్కన దీవి. అక్కడ ఈసా జెంకిన్స్ అనే బస్సు యజమాని పొద్దున్నే కూలీల్ని టౌనుకి తీసుకెళ్ళేవాడు. ఓటు నమోదు కావాలంటే రాజ్యాంగంలో ముక్క చదివి చూపించాలి కాబట్టి దారిపొడవునా అదే చదివించేవాడు. తర్వాత 1957లో రాత్రి బడి మొదలైంది. ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక గదిలో పాఠాలు. తెల్లవాళ్ళకి అనుమానం రాకూడదు కదా. పంతులమ్మగా టీచర్‌ని పెట్టలేదు, బెర్నిస్ రాబిన్సన్ అనే బ్యూటీషియన్‌ని పెట్టారు. కావాలనే. టీచరైతే పెద్దవాళ్ళని చిన్నపిల్లల్లా చూస్తుంది. పైగా బ్యూటీషియన్ కస్టమర్లంతా నల్లవాళ్ళే, తెల్లవాడెవడూ ఆమె ఉద్యోగం పీకలేడు. (సెప్టిమా క్లార్క్ అనే టీచరుకి ఎన్‌ఏఏసీపీ సభ్యత్వం వదలనన్నందుకు 1956లో ఉద్యోగం పోయింది.) మొదటి రోజు బెర్నిస్ పిల్లల పుస్తకాలు పక్కన పడేసి, మీకేం నేర్చుకోవాలనుందని అడిగింది. బైబిల్ చదవాలన్నారు, సంతకం పెట్టాలన్నారు, మనీ ఆర్డర్ నింపాలన్నారు. అదే సిలబస్ అయింది. ఈ బడులు తర్వాత దక్షిణాదంతా పాకాయి.

నెల్లూరు వైపు వాళ్ళకి ఇది కొత్తగా అనిపించకూడదు. దూబగుంటలో రాత్రి బడికెళ్ళిన ఆడవాళ్ళు సారా మీద లేచింది 1992లో, సారా నిషేధం 1993లో. అప్పుడూ హైదరాబాద్ నుంచి నాయకుడొచ్చి చెప్పలేదు.

అలాగని నాయకుడే వద్దనడం లేదు నేను. కింగ్ గొంతు లేకుంటే వాషింగ్టన్ వినేది కాదు, చర్చిలు లేకుంటే సభ పెట్టుకోవడానికి చోటే ఉండేది కాదు. కానీ కింగ్‌ని చంపేయొచ్చు, చంపారు. మిస్సిసిపీలో ఫానీ లూ హేమర్ లాంటివాళ్ళు వందల మంది తయారయ్యాక ఎంతమందిని ఆపుతారు? కౌలు కూలీ ఆవిడ. 1962 ఆగస్టు 31న ఓటు నమోదుకి వెళ్ళింది, ఆ సాయంత్రమే తోట యజమాని ఇల్లు ఖాళీ చేయమన్నాడు. రెండేళ్ళ తర్వాత అట్లాంటిక్ సిటీలో జరిగిన పార్టీ జాతీయ సభలో దేశమంతా చూస్తుండగా డెమొక్రటిక్ పార్టీని నిలదీసింది. పార్టీ ఆ సభలో రెండు సీట్లు పడేస్తామంటే వద్దు పొమ్మన్నారు ఆవిడా, ఆవిడ జట్టూ. మిస్సిసిపీలో 1960ల మొదట్లో వందకి ఏడుగురు నల్లవాళ్ళు కూడా ఓటర్ల జాబితాలో లేరు. 1967కి సగం దాటేశారు.

ఇక డెక్ మీద తలూపినవాళ్ళకి ఇంకో సంగతి. ఓటు హక్కు చట్టం 1965 ఆగస్టు 6న వచ్చింది. అదే ఊపులో, అదే కాంగ్రెస్ చేసిన వలస చట్టం మీద అక్టోబరు 3న సంతకం పడింది. అంతకుముందు ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా. మన ఐ-140 గ్రీన్‌కార్డు అర్జీలూ, మన డెక్కులూ ఆ తలుపులోంచి వచ్చినవే. తలుపు తీయించినవాళ్ళకి నాయకుడు లేడని మనం జాలిపడుతున్నాం!

మన దగ్గరేమో అధ్యక్షుడు, కాబోయే అధ్యక్షుడు, మాజీ అధ్యక్షుడు, ప్యానెల్, రెండో ప్యానెల్, కోర్టు కేసు. సినిమా హీరోకి ఎయిర్‌పోర్ట్‌లో స్వాగతం చెప్పడానికి అరవై కార్లు. స్కూల్ బోర్డు మీటింగ్‌కి రమ్మంటే "మన క్యాండిడేట్ ఎవరు?" అని ప్రశ్న.

మా కౌంటీలో సిటిజన్‌షిప్ వచ్చి కూడా ఓటు నమోదు చేసుకోని తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. నేనూ ఇంకో ఇద్దరూ శనివారాలు అపార్ట్‌మెంట్లు తిరుగుతున్నాం. తలుపు తీసినవాళ్ళు ముందు అడిగేది "ఏ సంఘం?" అని. ఏదీ కాదంటే అనుమానంగా చూస్తారు, తర్వాత టీ ఇస్తారు. వచ్చే శనివారం పది గంటలకి వెళ్తున్నాం, రావాలనుంటే మెసేజ్ పెట్టండి. ఫారాలు నేను తెస్తాను, నడిచే బూట్లు వేసుకోండి.