శిథిలాన్ని గీసేటప్పుడు గడ్డపారని ఎందుకు దాచేస్తాం?

అమరావతి మహాచైత్యం, అంటే అక్కడి పాత బౌద్ధ స్తూపం, దగ్గర స్కెచ్‌బుక్ పెట్టుకుని కూర్చుంటే మొదటి పది నిమిషాలు ఏం గీయాలో అర్థం కాదు. హంపీలోలాగా విరిగిన మండపాలు, బండల మీద సాయంత్రం ఎండ ఇవేమీ ఉండవు, గుండ్రంగా ఒక ఎత్తు, చుట్టూ గడ్డి, అక్కడక్కడా నిలబెట్టిన రాతి పలకలు, అంతే. నేనైతే చెట్టునే పెద్దగా గీసి వచ్చేశాను, అది తప్పని చాలా రోజుల తర్వాత తెలిసింది.

శిథిలం అంటే అందంగా పాడై ఉండాలి అనే చూపు మనకి చాలావరకు ఇంగ్లండ్ నుంచే వచ్చింది అంటాను. అక్కడ విలియం గిల్పిన్ అనే మతాధికారి శిథిలమైన టింటర్న్ మఠం చూసి, గోడల కొనలు మరీ తీరుగా ఉన్నాయి, సుత్తి పట్టి కొన్ని పగలగొడితే బొమ్మకి బాగుంటుంది, కానీ అంత ధైర్యం ఎవరికుందీ అని 1782లో అచ్చులోనే రాశాడు. తర్వాత థామస్ డేనియల్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు, ఆయన సోదరుడి కొడుకు విలియం 1786లో మన దేశం వచ్చి ఏళ్ల తరబడి తిరిగి గీసుకెళ్లి 144 ప్రింట్లు వేశారు, పాత గుళ్లు, చెట్లు, ముందు చిన్న చిన్న మనుషులు. ఆ ప్రింట్లంటే నాకు ప్రాణం. కానీ ఆ పద్ధతిలో కాలం అంటే వానా ఎండా రావి వేరూ మాత్రమే, ఎవరూ ఏం చేయలేదు దానంతటదే కూలిపోయింది అన్నట్టు ఉంటుంది.

అమరావతి దానంతటదే కూలలేదు కదా! 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ ఊరు కట్టిస్తున్నప్పుడు, జనం దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బని ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వారు, కొన్ని పలకలు సున్నం బట్టీల్లోకి పోయాయి. ఈస్ట్ ఇండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఆ రోజుల్లోనే ఒకసారి వచ్చి చూశాడు, మళ్లీ 1816లో, అప్పటికి సర్వేయర్ జనరల్, డ్రాఫ్ట్స్‌మెన్‌ని వెంటబెట్టుకుని వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వేసి ఉంది. వాళ్ల 1817 ప్లాన్‌లో నీడల్లేవు, మబ్బుల్లేవు. గుండ్రటి గీత, మధ్యలో ఆ చెరువు. నా దృష్టిలో కాలాన్ని నిజంగా గీసిన బొమ్మ అదే, ఎందుకంటే మనిషి చెయ్యి ఎక్కడ పడిందో అందులో కనిపిస్తుంది. పలకల్ని కూడా ఒక్కొక్కటీ ఓపిగ్గా గీశారు, వాటిలో కొన్ని తర్వాత ఏమయ్యాయో తెలీదు, ఆ కాగితం మీద తప్ప ఎక్కడా లేవు. మిగిలినవాటిలో చాలా చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి.

ఇంకో విషయం, కొన్ని పలకల మీద శిల్పులు స్తూపాన్నే చెక్కారు, అండం (పైన గుండ్రటి గోపురం లాంటి భాగం), ప్రాకారం, పూలదండలు, మొక్కుతున్న జనం, అన్నీ. అంటే పూర్తిగా ఉన్న స్తూపం బొమ్మ కూడా ఆ శిథిలంలోనే దొరికింది, అది చూశాక మళ్లీ ఆ గడ్డి ఎత్తుని చూడటం కష్టంగా ఉంటుంది.

పిల్లల్ని అమరావతి తీసుకెళ్లే డ్రాయింగ్ మాస్టర్లకి నా రిక్వెస్ట్ ఒక్కటే. ఆ 1817 ప్లాన్, స్తూపం చెక్కిన ఒక పలక ఫోటో, రెండూ ప్రింట్ తీసి ముందు వాళ్ల చేతిలో పెట్టండి, ఒక చుట్టు నడిపించండి, పెన్సిల్ తర్వాత ఇవ్వండి.