ఒంటిపక్క గోడ

కొత్తల్లుడు సంక్రాంతికి వస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచీ మా బాబాయి కన్ను మేడమీది హాలు మీద పడింది. మధ్యలో గోడ లేపితే గది తయారు. కాకపోతే కింద దూలం లేదు, ఇటుక గోడ బరువు శ్లాబు మీద వెయ్యొద్దని మేస్త్రి చెప్పేశాడు. సరే, రేకు చట్రానికి తేలికపాటి పలకలు బిగించే జిప్సం బోర్డు పార్టిషన్ అన్నారు.

"ఎన్ని కావాలో ఆ ఫిట్టర్నే అడగండి" అంది పిన్ని.

హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి ఆ మాట కారం రాసినట్టయింది. పంచాంగం వెనక అట్ట మీద మొదలెట్టేశాడు. వెడల్పు 12 అడుగులు, ఎత్తు 10. మొత్తం 120 చదరపు అడుగులు. తలుపు 3 అడుగులు బై 7, అంటే 21 పోయింది. మిగిలింది 99. బోర్డు 6 బై 4, అంటే 24. భాగిస్తే నాలుగూ చిల్లర. చిల్లర కొట్టేశాడు. పాలకొల్లు పిల్లకాయలకి దశాంశాలు నేర్పిన చేత్తోనే!

స్టడ్లు, అదే బోర్డులు బిగించే నిలువు రేకు కమ్మీలు, రెండేసి అడుగులకి ఒకటి, కాబట్టి 6 అన్నాడు.

"దడి కట్టినా ఆరు సందులకి ఏడు రాటలు పాతాలి. లేకపోతే మేక దూరిపోదూ?" అంది వంటింట్లోంచి పిన్ని. ఏడోది చడీచప్పుడు లేకుండా జాబితాలో చేరింది.

సామాను భీమవరం నుంచి ట్రక్కు ఆటోలో దిగింది. ఫిట్టరు కింద, పైన అడ్డంగా రేకు ఛానెళ్లు కొట్టాడు, స్టడ్లు నిలబెట్టాడు, నాలుగు బోర్డులూ గది లోపలి వైపు బిగించేశాడు. పైన మూడడుగుల కన్నం మిగిలింది. అయినా బాబాయి దూరంగా నిలబడి తృప్తిగా చూసుకుంటున్నాడు.

"ఆయ్, మరి రెండో పక్కకండీ?"

"రెండో పక్కేంటి?"

"గోడకి రెండు పక్కలుంటాయి కదండీ."

ఫిట్టరు నవ్వలేదు. అదే మర్యాద. కోతల్లో పోయేదానికి నూటికి పది కలుపుకోవాలని కూడా అప్పుడే చెప్పాడు. కానీ అవాళ భోగి. కొట్లు మూసేశారు, ఫిట్టరు కోడిపందేలకి వెళ్లిపోయాడు.

హాలు వైపు రేకు ఎముకలు కనపడకుండా పిన్ని పెళ్లి దుప్పట్లు వేలాడదీసింది. అల్లుడు అవేవో అలంకారం అనుకుని మెచ్చుకున్నాడు. రాత్రి అందరూ పడుకున్నాక బాబాయి దుప్పటి పక్కన కూర్చుని, పంచాంగం అట్ట తిరగేసి, మళ్లీ గొణుక్కోవడం మొదలెట్టాడు. "99కి పది శాతం కలిపితే 109... ఇరవైనాలుగు నాలుగులు 96... అయిదు చాలవూ?"

"ఆరు తెప్పించండి మావయ్యగారూ" అంది గోడ. "నా వైపు పైన కన్నం ఉంది. దోమలొస్తున్నాయి."