ట్రైపాడ్‌కి ఒక్క వాక్యమేనా?

ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రాఫర్ బ్యాగులో ఏమేం ఉండాలో మీ వ్యాసంలో చక్కగా చెప్పారు. కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు, ట్రైపాడ్‌కి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టడం వెలితిగా అనిపించింది.

మోయడానికి తేలికని మొదట్లో నేను సన్నకాళ్ల ట్రైపాడ్ కొన్నాను. తెల్లవారుజామున కొండ మీద షట్టర్ రెండేసి సెకన్లు తెరిచి ఉంచే ఎక్స్‌పోజర్‌తో తీసినవన్నీ కెమెరా స్క్రీన్ మీద బాగానే కనిపించాయి. ఇంటికొచ్చి పెద్దవి చేసి చూస్తే రాతి అంచు రెండు గీతలుగా ఉంది! గాలికి కాళ్లు వణికాయి. ఆ వెలుగు మళ్లీ రాదు కదా, చాలా బాధపడ్డాను. అప్పట్నుంచి కెమెరా కదలకుండా ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లేపను, రెండు సెకన్ల టైమర్ పెట్టకుండా షట్టర్ నొక్కను.

లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్/22 పెడితే అంతా షార్ప్‌గా వస్తుందని వ్యాసంలో అన్న మాట ఒప్పుకోలేను. రంధ్రం అంత చిన్నదైతే డిఫ్రాక్షన్ వల్ల, అంటే రంధ్రం అంచుల దగ్గర వెలుగు వంగి చెదరడం వల్ల, బొమ్మ మొత్తం కాస్త మసకబడుతుంది. చాలాసార్లు అంతకంటే పెద్ద రంధ్రాలైన ఎఫ్/8, ఎఫ్/11 సరిపోతాయి. దగ్గరి రాయి, దూరపు కొండ రెండూ స్పష్టంగా కావాలంటే ఫోకస్ మార్చి రెండు మూడు షాట్లు తీసి కలుపుకోవచ్చు.

అమెరికా ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పియానో నేర్చుకున్నారని రాశారు, సంతోషం. 1927లో కాలిఫోర్నియాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే రాతి కొండ ఎదుట ఆయన దగ్గర మిగిలినవి రెండే గాజు ప్లేట్లు, అంటే రెండు ఫొటోలకే సరిపడా. ఒకటి పసుపు ఫిల్టర్‌తో తీశారు. ఆకాశం తాను అనుకున్నంత నల్లగా రాదని తోచి, ఎర్ర ఫిల్టర్ బిగించి రెండోది తీశారు. ఆయన పద్ధతి గురించి రాసినచోట ఇది కూడా చేరిస్తే బావుంటుంది.