లీనియర్ సప్లై కన్నా ముందు ఎర్త్ గుంత

డాక్ (DAC, కంప్యూటర్‌లోని డిజిటల్ పాటను యాంప్‌కు పంపే సిగ్నల్‌గా మార్చే పెట్టె) లోంచి గుర్రుమని శబ్దం వస్తే ముందుగా తిట్లు తినేది దాంతోపాటు వచ్చిన చిన్న స్విచింగ్ అడాప్టరే. 'అది తీసేసి లీనియర్ సప్లై పెట్టు' అన్న సలహా ఆ వెంటే వస్తుంది. లీనియర్ అంటే కరెంటును తెంపకుండా, మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి రెగ్యులేటర్‌తో నిలకడగా ఉంచే సప్లై. డాక్ ధరంతా మళ్లీ సప్లైకి పోసేవాళ్లున్నారు. అనంతపురం జిల్లా కరెంటూ, ఇక్కడి ఎండు నేలా తెలిసినవాళ్లు మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి.

స్విచింగ్ అడాప్టర్ 230 వోల్టుల ఏసీని సుమారు 325 వోల్టుల డీసీగా మార్చి, దాన్ని సెకనుకు యాభై వేల నుంచి లక్షకు పైగా సార్లు తెంపి, చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి పంపుతుంది. అంత ఫ్రీక్వెన్సీ చెవికి వినపడదు. దాన్ని చిన్న కాయిల్, కెపాసిటర్‌తో వడకట్టడమూ తేలికే. లీనియర్‌లో మిగిలే రిప్పుల్ (డీసీలో మిగిలిపోయిన ఎగుడుదిగుడు) 100 హెర్ట్జ్, అంటే సరిగ్గా చెవికి వినపడే చోటే. ఆడియో పరికరాలు చేసే బెంచ్‌మార్క్ కంపెనీ తన ఏహెచ్‌బీ2 యాంప్లిఫయర్‌లో స్విచింగ్ సప్లైనే పెట్టింది. స్విచింగ్ అనగానే నాసిరకం అనుకోనక్కర్లేదు.

మరి ఆ గుర్రు ఎక్కడిది? అడాప్టర్‌లో మెయిన్స్ వైపుకూ అవుట్‌పుట్ వైపుకూ మధ్య వై-కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా పదుల నుంచి వందల మైక్రోఆంపియర్ల కరెంటు కారుతూ ఉంటుంది. చార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్ లోహపు మూత మీద వేలు రాస్తే జివ్వుమనేది ఇదే. ఈ కరెంటు యూఎస్‌బీ కేబుల్, డాక్, ఆర్‌సీఏ షీల్డ్ (డాక్‌నూ యాంప్‌నూ కలిపే ఆడియో కేబుల్ పైపొర తీగ) మీదుగా యాంప్ ఎర్త్‌కు దారి వెతుక్కుంటుంది. షీల్డ్ మీద పడిన ఆ కాస్త వోల్టేజీ పాటతో కలిసి యాంప్‌లోకి పోతుంది. లీనియర్ పెట్టగానే బాగైందంటే, చాలాసార్లు కారణం ఈ కారుడు తగ్గడమే.

ఎర్త్ పిన్ను ఉన్న చార్జర్‌తోనూ ఆ కారుడును నేలకు పంపొచ్చు, ఎర్త్ అసలుదై ఉంటే. వానలు తక్కువైన ఈ నేలలో బొగ్గు, ఉప్పు వేసిన గుంత ఎండాకాలానికి ఎండి బిగుసుకుపోతుంది, కరెంటును నేలలోకి సరిగా పోనివ్వదు. మల్టీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. అది లాగే కరెంటు దాదాపు సున్నా కాబట్టి, ఎండిన గుంతకూ ఫేజ్‌కూ మధ్య 230 చూపిస్తుంది. ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ టెస్టర్‌తో ఓమ్‌లు కొలిపించాలి. 5 లోపుంటే మేలు. ఎండాకాలంలో గుంతకు నీళ్లు పోస్తూ ఉండాలి. తర్వాత ల్యాప్‌టాప్, డాక్, యాంప్ మూడూ ఒకే బోర్డులో పెట్టాలి, లేకపోతే వేర్వేరు ఎర్త్‌ల మధ్య ఏర్పడే చుట్టు (ఎర్త్ లూప్) ఇంకో గుర్రు తెస్తుంది.

అసలు చిక్కు లో వోల్టేజీతో. బోరు మోటార్లు ఆడే వేళ పల్లెలో 180కి పడిపోయిందనుకోండి. 5 వోల్టులు, 1 ఆంపియర్ ఇచ్చే లీనియర్ సప్లైని ఉదాహరణకు తీసుకుందాం; అందులో 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 5 వోల్టులను నిలకడగా ఇచ్చే 7805 రెగ్యులేటర్. 180 దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది 7 వోల్టులు, దాని శిఖరం 10. డయోడ్లు 2 తింటాయి, రిప్పుల్ ఇంకో 1 తగ్గిస్తుంది. మిగిలింది 7. రెగ్యులేటర్‌కు కనీసం కావాల్సిందీ 7 వోల్టులే! ఇంకాస్త తగ్గిందా, 100 హెర్ట్జ్ హమ్ నేరుగా డాక్‌లోకి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదా ఇదే తంటా, ఆ అలకు శిఖరమే తక్కువ. 100 నుంచి 240 దాకా తట్టుకునే స్విచింగ్ అడాప్టర్‌కు ఇవేవీ పట్టవు.

12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోదా? లో వోల్టేజీకి సరిపోతుంది. రాత్రి 250కి పెరిగితే మాత్రం రెగ్యులేటర్ మీద 11 వాట్ల దాకా వేడి పడుతుంది. మే నెల ఎండల్లో, మూసిన డబ్బాలో, చిన్న హీట్‌సింక్‌తో అది నిలవదు. లోడ్ లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ రాసినదానికన్నా 15-20 శాతం ఎక్కువిస్తుంది కాబట్టి, కెపాసిటర్ 16 వోల్టులది వేస్తే ఉబ్బుతుంది. 35 వోల్టులది వేయాలి.

డబ్బు పెట్టేముందు డాక్‌ను పవర్ బ్యాంక్ మీద, ల్యాప్‌టాప్‌ను చార్జర్ తీసేసి నడపండి. పవర్ బ్యాంక్‌లోనూ స్విచింగే ఉంది, కాని గోడతో సంబంధం లేదు. అప్పుడు గుర్రు పోతే దోషం కారుడుది. రెండిట్లో ఏది తీస్తే పోయిందో చూస్తే దారి తెలుస్తుంది. పోకపోతే లీనియర్ కొన్నా పోదు, కేబుళ్లు, యాంప్ చూసుకోవాలి.

లీనియర్‌కు నిజంగా చోటున్నది డాక్ లోపల, దానికి తాళం వేసే క్లాక్ చిప్ పక్కన. మంచి స్విచింగ్ అడాప్టర్ తర్వాత ఎల్‌టీ3045 లాంటి లీనియర్ రెగ్యులేటర్ బోర్డు పెడితే రెండు లాభాలూ దక్కుతాయి. దాని నాయిస్ 0.8 మైక్రోవోల్టులే, అడాప్టర్ నుంచి వచ్చే రొదను 1 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా 76 డెసిబెల్స్ అణచివేస్తుంది. 500 మిల్లీఆంపియర్లకు మించి మాత్రం అడక్కూడదు. ల్యాప్‌టాప్ బదులు పాటలకు వాడే చిన్న కంప్యూటర్ బోర్డు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలనే రాస్ప్‌బెర్రీ పై 4కు అది చాలదు, ఆ బోర్డు మీద ఎలాగూ స్విచింగ్ కన్వర్టర్లే ఉన్నాయి.