సిగ్మాలో ఏ స్థానం ఎవరిది?

స్టెయిన్‌లెస్ స్టీలులో పుట్టే పెళుసైన ఇనుము-క్రోమియం స్ఫటిక రూపమే సిగ్మా ఫేజ్. అందులో ఏ లోహం చోటు దానికే ఖాయమని ఒక వ్యాసంలో రాశారు. అది సరికాదండీ. యూనిట్ సెల్‌లో (స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న గడిలో) 30 పరమాణువులు, ఐదు రకాల స్థానాలు (ఒక్కో రకంలో వరుసగా 2, 4, 8, 8, 8 చోట్లు). అన్నిటిలోనూ రెండు లోహాలూ కలిసే ఉంటాయి. మొగ్గు మాత్రం ఉంది: చుట్టూ 12 పొరుగు పరమాణువులున్న ఇరుకు చోట్లలో ఇనుము ఎక్కువ, 15 ఉన్న విశాలమైన చోట క్రోమియం ఎక్కువ.

ఈ వాటాలు తేల్చడానికి మామూలు ఎక్స్‌రే చాలదు. పరమాణు సంఖ్యలు 26, 24 కదా, రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అదే న్యూట్రాన్లయితే స్కాటరింగ్ లెంగ్త్ (పరమాణువు వాటిని ఎంత బలంగా చెదరగొడుతుందో చెప్పే కొలత) ఇనుముకు 9.45, క్రోమియంకు 3.64 ఫెమ్టోమీటర్లు. తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకో మాట, ఇలాంటి ఉక్కుకు 475 డిగ్రీల సెల్సియస్ దగ్గర వచ్చే పెళుసుదనాన్ని సిగ్మా ఖాతాలో వేయకండి. అది బీసీసీ లాటిస్ (ఘనం మూలల్లోనూ మధ్యలోనూ పరమాణువులుండే అమరిక) అలాగే ఉండి, అందులో క్రోమియం ఎక్కువున్న భాగాలు విడిపోవడం. దాన్ని పోగొట్టడానికి 600 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి త్వరగా చల్లారిస్తే చాలు. సిగ్మా పట్టిన 2205 డ్యూప్లెక్స్‌నైతే (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) 1040 డిగ్రీలు దాటించి, ఘనస్థితిలోనే సిగ్మా ఉక్కులో కలిసిపోయేదాకా ఉంచి, వెంటనే నీళ్లలో ముంచాలి. మెల్లగా చల్లారితే దారిలో సిగ్మా మళ్లీ పుడుతుంది.