మిద్దె మీద చెల్లితే చేనులో చెల్లదా?

పాత పెయింట్ డబ్బాలో మూడు మొక్కలు. ఒక పక్క తులసికోట, ఇంకో పక్క కరివేపాకు చెట్టు. రోజూ పొద్దున్నే వాటికి నీళ్లు పోసింది ఆ ఇంటి తల్లే. ఆకు చూసి గోంగూర అనుకుందట. ఆమెను తప్పుపట్టలేం. లేత గోగు ఆకు, గంజాయి ఆకు ఎంత దగ్గరగా ఉంటాయంటే, గోగుకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే గంజాయి పేరు కలిసి ఉంది. ఆ గంజాయి మొక్కలు వేసింది ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు.

కుర్రాడు పోలీసులకు చిక్కాడు. అనంతపురంలో నాలుగు రోజులుగా అందరి నోటా ఇదే. మొక్కల కంటే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది ఆ తర్వాత ఊరి పెద్దల నోటి నుంచి వచ్చిన మాట. ‘అమ్మడానికి కాదు కదా, సొంతానికే కదా. కౌన్సెలింగ్ ఇచ్చి పంపించేయండి.’

సొంతానికే! ఈ ఒక్క మాటను ఒప్పుకుంటే ఎక్కడికి పోతామో ఆలోచించారా? కంది చేలో, మిరప సాళ్ల మధ్య నాలుగు గంజాయి మొక్కలు కనబడ్డాయని సీమ రైతుల మీద కేసులు పెట్టడం కొత్త కాదు. వాన లేక, పెట్టుబడి తిరిగి రాక, ఎవడో బయటివాడు విత్తనం చేతిలో పెట్టి ఆశ చూపితే లొంగినవాళ్లు వాళ్లలో ఉన్నారు. మొక్కలు పీకి, కుప్పవేసి, పక్కన రైతును నిలబెట్టి తీసిన ఫొటోలు మనమంతా చూశాం. వాళ్లలో ఎవరికైనా ‘సొంతానికే’ అన్న మాట పనికొచ్చిందా? రేపటి నుంచి పనికొస్తుంది. మిద్దె మీద మూడు మొక్కలకు చెల్లిన సాకు చేనులో ముప్పై మొక్కలకు ఎందుకు చెల్లదని వాళ్ల వకీలు అడుగుతాడు. అడగాలి కూడా.

చట్టం ఏమంటోందో ఈ పెద్దలకు తెలుసో లేదో. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద గంజాయి తాగి దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో లోపు గంజాయితో దొరికితే జైలు ఏడాది వరకు. కిలో వరకు తక్కువ పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అని లెక్కలున్నాయి. మొక్క పెంచడం దగ్గరికి వచ్చేసరికి ఈ మెట్లేవీ లేవు. 20వ సెక్షన్‌లో సాగుకు ఒకే శిక్ష రాసి ఉంది: 10 ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. ఎకరమా, ఒక డబ్బానా అన్న తేడా అందులో రాయలేదు. పొట్లం కొనడం కంటే రెండు మొక్కలు పెంచుకోవడం చిన్న తప్పని కుర్రాళ్లు అనుకుంటున్నారు. చట్టం లెక్క దానికి సరిగ్గా తలకిందులు.

వీడియోలవాళ్లు చెప్పే సగం నిజం ఇంకోటి ఉంది. విత్తనాలు, ఆకులు చట్టం దృష్టిలో గంజాయి కాదట. చట్టం లెక్కలో గంజాయి అంటే మొక్క పూత, కాబట్టి పూత లేకుండా విడిగా ఉన్నంతవరకు ఆ మాట నిజమే. కానీ అదే విత్తనం మట్టిలో పడి మొలిస్తే అది గంజాయి మొక్క. ఆ జాతికి చెందిన ఏ మొక్కైనా సరే అని చట్టంలో స్పష్టంగా ఉంది. పూత వచ్చిందా లేదా, అడుగు ఎత్తా ఆరడుగులా అన్నది సాగు నేరానికి అడ్డం రాదు. పైగా నాకు తెలియదంటే సరిపోదు, తెలియదని నిరూపించుకునే భారాన్ని చట్టం నిందితుల మీదే పెట్టింది. నీళ్లు పోసిన ఆ తల్లి రేపు కోర్టులో గోంగూర అనుకున్నానని ఎలా రుజువు చేసుకోవాలి? మొదటిసారి పెంచేవాళ్లకు పాఠాలు చెప్పేవాడు ఈ సంగతి ఒక్క ముక్క చెప్పాడా?

జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు, కెనడాలో నాలుగు, మన దగ్గర మాత్రం ఎందుకింత కఠినం అని అడిగేవాళ్లున్నారు. అడగొచ్చు. చట్టం మార్చమని పార్లమెంటును అడగాలి, మిద్దె మీద మార్చేసుకోవడం కుదరదు. 2022లో తలుపులు బార్లా తెరిచిన థాయిలాండ్ మూడేళ్లకే డాక్టర్ చీటీ ఉంటేనే అని వెనక్కి తగ్గిన సంగతి కూడా వాళ్లు గుర్తుంచుకుంటే మంచిది.

‘సొంతానికే’ అన్న మాట మనకు ముందే తెలుసు. నాటుసారా కూడా అలాగే మొదలైంది. పండక్కి, పెళ్లికి, ఇంటి మటుకు అంటూ ఒక కుండ పొయ్యి మీదకెక్కింది. తర్వాత పక్కింటికి, ఆ తర్వాత పక్క ఊరికి. మూడు మొక్కల పూత ఒక్క కుర్రాడికి మిగిలిపోతుంది. మిగిలింది రూమ్‌మేట్‌కు ఇస్తాడు. డబ్బు తీసుకోకపోయినా ఇచ్చినవాడే అవుతాడు. ఇరవై ఏళ్లకు ఇంకా ఎదుగుతున్న మెదడు మీద ఇది చేసే దెబ్బ ఎలాంటిదో మానసిక వైద్యులు చెబుతూనే ఉన్నారు.

అలవాటు పడ్డ పిల్లాడిని జైల్లో కుక్కమని మేం అనడం లేదు. తాగి దొరికినవాడు, తక్కువ పరిమాణంతో దొరికినవాడు వ్యసనపరుడై ఉండి తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ లేకుండా బయటపడే దారి 64ఎ సెక్షన్‌లో ఉంది. ఆ దారి మొక్క పెంచినవాడికి లేదు. కుండీలో విత్తనం నాటిన రోజే ఆ కుర్రాడు తన చేతులతో తాను ఆ తలుపు మూసుకున్నాడు. ఈ మాట ప్రతి హాస్టల్‌లో, ప్రతి అద్దె గదిలో గట్టిగా చెప్పాల్సింది కాలేజీలు. ఫ్రెషర్స్ డే ఫ్లెక్సీలకు ఉన్న శ్రద్ధ దీనికి లేదు. మత్తుమందులను అరికట్టడానికి రాష్ట్రంలో ఈగల్ అనే పోలీసు దళం ఉంది, సమాచారం ఇవ్వడానికి 1972 నంబరు ఉంది. గది అద్దెకిచ్చిన ఇంటి ఓనర్‌లలో ఎందరికి ఆ నంబరు తెలుసు?

పోలీసులు రెండింటిలో ఒకటి తేల్చుకోవాలి. మిద్దె మీద మొక్కకు కేసు కడితే చేనులో మొక్కకూ కట్టండి. ఇక్కడ వదిలేస్తే అక్కడ కట్టే నోరు మీకుండదు. ఇక ఆ పిల్లాడి కోసం స్టేషన్‌కు ఫోన్లు చేసిన పెద్దమనుషులారా, కంది చేలో దొరికిపోయి ఫొటోలో తల దించుకు నిలబడ్డ కౌలురైతు కోసం మీలో ఒక్కరైనా, ఒక్కసారైనా, అలా స్టేషన్‌కు ఫోన్ చేశారా?