లేత అడవికి ఊరే కాపు

పెన్సిల్వేనియా కొండల్లో వసంతం రాగానే, నేలకొరిగిన మాను మీద ఒక పక్షి నిలబడి రెక్కలు కొడుతుంది. మొదట నెమ్మదిగా, తర్వాత రెక్కలు కంటికి ఆననంత వేగంగా. దూరాన ఎవరో డప్పు మోగిస్తున్నట్టు ఉంటుంది. అది రఫ్డ్ గ్రౌజ్, ఆ రాష్ట్ర పక్షి. మన కౌజు కంటే పెద్దది. ఆ డప్పు ఇప్పుడు చాలాచోట్ల ఆగిపోయింది. అక్కడ అడవి తరిగిపోలేదు, ముదిరిపోయింది.

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో అడవిని కొట్టి పొలాలు చేశారు. తర్వాత రైతులు పడమటి నేలలకో పట్టణాలకో తరలిపోతే, బీడు పడిన పొలాల్లో పొదలు, ఆస్పెన్, ఆల్డర్ మొక్కలు గుబురుగా లేచాయి. గ్రౌజ్‌కూ, వుడ్‌కాక్ అనే మరో పక్షికీ అవి మంచి రోజులు. ఆ మొక్కలే మానులయ్యాక నీడ కమ్మి కింది పొదలు చచ్చాయి. డేగ కంటపడకుండా పిల్లలను దాచుకునే చోటు పోయింది. గ్రౌజ్ పిల్లలు తొలి వారాల్లో తినేది పురుగులను. అవి దండిగా దొరికేది ఎండ తగిలే లేత మొక్కల మధ్యే. వుడ్‌కాక్‌ల కోసం 1968 నుంచి ఏటా జరుగుతున్న లెక్కింపు కూడా దీర్ఘకాలిక తగ్గుదలనే చూపుతోంది.

ఒకప్పుడు కార్చిచ్చు, గాలివాన, బీవర్ అనే జంతువులు వాగులకు కట్టే ఆనకట్టలు అడవిని అక్కడక్కడా తెరిచేవి. మంటలను మనిషి ఆర్పేశాడు, వాగులను అదుపులో పెట్టాడు. ఇక ఆ పని కూడా మనిషే చేయాలి. మిన్నెసోటాలో దశాబ్దాల పాటు గ్రౌజ్‌ను పరిశీలించిన గోర్డన్ గలియన్ చెప్పిన మార్గం ఇదే. ఆస్పెన్ అడవిని ఒకేసారి కాక, చిన్న చిన్న నేల ముక్కల్లో, ఏళ్ల ఎడంతో నరకాలి. వేళ్ల నుంచి అది మళ్లీ పిలకలు వేస్తుంది. అలా ఒక పక్షి తిరిగే మేరలోనే లేత చెట్లు, నడివయసు చెట్లు, ముదురు చెట్లు అన్నీ ఉంటాయి.

చెప్పడం తేలికే. తూర్పు అమెరికాలో అడవిలో అధిక భాగం ప్రైవేటు సొత్తు, అందులోనూ చాలావరకు సాధారణ కుటుంబాలది. తాతల నాటి చెట్లను పక్షుల కోసం నరకమంటే ఏ ఇంటివారైనా బెదురుతారు. ఆదేశాలతో అయ్యే పని కాదిది, పొరుగువాడి మాట మీద నమ్మకంతో అవుతుంది. 1961లో వర్జీనియాలో పుట్టిన, ఎక్కువగా వేటగాళ్లే సభ్యులైన రఫ్డ్ గ్రౌజ్ సొసైటీ స్థానిక శాఖలు విందులు, వేలంపాటలు పెట్టి డబ్బు కూడగట్టేది అందుకే. ఇదే లేత అడవిలో బతికే న్యూ ఇంగ్లండ్ కాటన్‌టెయిల్ కుందేలును అంతరించే జాతుల జాబితాలో చేర్చనక్కరలేదని 2015లో అమెరికా ప్రభుత్వం తేల్చింది. భూయజమానులు, రాష్ట్రాలు కలిసి దాని నెలవులను నిలబెట్టడమే కారణం.

వేటగాళ్ల సొమ్ముతో సంరక్షణ ఏమిటని మనవాళ్లకు అనిపిస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేటను నేరంగా చూస్తూ పెరిగినవాళ్లం, నాకూ మొదట మింగుడుపడలేదు. కానీ అమెరికాలో తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను 1937 నాటి చట్టం ప్రకారం రాష్ట్రాల వన్యప్రాణి పనులకే వెళుతుంది. అలా పెంచిన పొదల్లో ఎవరూ వేటాడని గోల్డెన్ వింగ్‌డ్ వార్బ్లర్ కూడా గూడు కడుతుంది. అయితే పక్షి పేరు చెప్పి వందల ఏళ్ల ముదురు అడవి మీద కన్నేసే కలప వ్యాపారాన్ని మాత్రం గట్టిగా ఎదిరించాల్సిందే. ఎక్కడ నరకాలో ఎంత ముఖ్యమో, ఎక్కడ నరకకూడదో అంతే ముఖ్యం.

మన కడప లంకమల కలివికోడికి కావలసింది కూడా చిక్కటి అడవి కాదు. పొదల మధ్య ఖాళీ నేల ఉండే చిట్టడవి దానికి ఇల్లు. మేకల మేత, కట్టెల కోత పూర్తిగా ఆగినా, మితిమీరినా ఆ నెలవు చెడుతుంది. ఆ మితం తెలిసేది అక్కడి పశువుల కాపరులకే. వాళ్లను కంచె అవతల నిలబెట్టి ఈ పక్షిని కాపాడగలమని నేను నమ్మను. 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడిని 1986లో పట్టి చూపింది ఆ పొదల్లో తిరిగే ఒక ఊరి మనిషే.